ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన పెద్దమనిషి

కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. రిటైరై మస్కట్ శివారు అల్ ఖౌద్‌లో మా అబ్బాయి ఇంట్లో కూర్చున్నాక కూడా తగ్గలేదు. కాబట్టి కోపంతోనే రాస్తున్నాను. తర్జుమా పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు చదువుకుంటే చాలు. మిగతావాళ్ళు చదివి ఉడుక్కుంటే ఉడుక్కోనీ.

నాది కడప. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, మదర్సాలో అరబ్బీ. పెళ్ళయి మస్కట్ వచ్చాక ఈ మూడూ కలిసి నాకు అన్నం పెట్టాయి. ఒక ఒమానీ వకీలుగారి ఆఫీసులో తర్జుమా మనిషిగా చేరి, అక్కడే తల నెరిసి, అక్కడే రిటైరయ్యాను. మనవాళ్ళకు కోర్టు పని పడితే వాళ్ళ తెలుగును అరబ్బీలోకి, జడ్జిగారి అరబ్బీని తెలుగులోకి మార్చి చెప్పడం నా డ్యూటీ. ఈ పనిలో మన అభిప్రాయం ఎవరికీ అక్కర్లేదు. ఎదుటివాడు అబద్ధం చెప్తున్నాడని తెలిసినా, ఆ అబద్ధాన్ని శుభ్రంగా ఉతికి ఇస్త్రీ చేసి అవతలి భాషలో అప్పగించాలి. పళ్ళు కొరుక్కోవడం ఇంటికొచ్చాకే.

మస్కట్‌లోని ఘుబ్రా పేటలో మన తెలుగువాళ్ళ ఇళ్ళలో ఏ విందుకెళ్ళినా, భోజనాలయ్యాక రాజ్యాంగాల మీద ఒక చర్చ ఉండేది. ఒమన్‌లో రాజ్యాంగాన్ని బేసిక్ లా అంటారు. రాజ్య మతం ఇస్లాం, శాసనాలకు ఆధారం షరియా అని అది మొదట్లోనే చెప్తుంది. శాంతిభద్రతలకు భంగం లేకుండా ఎవరి ఆచారం ప్రకారం వాళ్ళు పూజలు చేసుకోవచ్చని ఇంకోచోట చెప్తుంది. మనవాళ్ళకు మొదటి ముక్క నోటికొచ్చు. రెండోది వాళ్ళు రోజూ అనుభవిస్తారు గానీ గుర్తుండదు. చేతిలో పులిహోర ప్లేటు పెట్టుకుని, "ఇదేం న్యాయమండీ, మతాన్ని తెచ్చి చట్టంలో పెడితే? మన రాజ్యాంగం చూడండి" అంటారు. నన్ను చూడగానే గొంతు తగ్గించి, "మిమ్మల్ని కాదులెండి మేడమ్" అని నవ్వుతారు. నన్ను కాకపోతే ఎవరినో నాకు అర్థమయ్యేది కాదు.

ఈ మాట అందరికంటే గట్టిగా అనే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. గుంటూరు వైపు మనిషి. పెద్ద కంపెనీలో ఇంజనీరు. మంచి కంఠం, నుదుట బొట్టు, శనివారం ఒక్కపొద్దు. ఏ సభ పెట్టినా మైకు ఆయన చేతిలోనే ఉండేది. ఈ కథ ఆయనదే. ఆయన పేరు నేను రాయను. చదివితే ఆయనకే తెలుస్తుంది.

ఒక రోజు మా ఆఫీసుకి గోదావరి వైపు నుంచి వచ్చి ఇళ్ళలో పనిచేసుకునే ఒకావిడ వచ్చింది. నలభై దాటిన మనిషి. ఆ ఇంజనీరుగారింట్లో ఒప్పందం గడువు పూర్తిగా చేసి, కాగితాలన్నీ సవ్యంగా మార్చుకుని, అల్ ఖౌద్‌లో ఒక ఒమానీ ముసలావిడ ఇంట్లో చేరింది. ఆ ముసలావిడే మా వకీలుగారికి ఫోన్ చేసి పంపించింది.

"ఏమ్మా, ఏమైంది?" అన్నాను.

"నా గొలుసండి. మేడంగారి చేతిలోనే పెట్టేనండి. నాకిచ్చింది సామాన్ల గదండి, దానికి గడియ లేదండి. 'నా బీరువాలో ఉంచుతాలే' అన్నారండి ఆవిడ. వచ్చేసేటప్పుడు అడిగితే సారు 'ఏ గొలుసు?' అన్నారండి. ఆవిడేమో లోపలికెళ్ళిపోయేరండి. అంతేనండి."

"ఇచ్చినప్పుడు ఎవరన్నా చూసినారా?"

"ఎవరు చూత్తారండి? ఇంట్లో మేమేగా."

ఆ గొలుసు ఆమె ఇక్కడ చేసిన చాకిరీ అంతా కలిపి కొనుక్కున్నది. కొక్కెం తెగితే ఎర్రదారం చుట్టి వేసుకునేదట. ఊళ్ళో ఇంటికి గోడలు లేపి, స్లాబు దగ్గర ఆగిపోయింది. "ఆ గొలుసు అమ్మితే స్లాబు పడిపోద్దండి. లేపోతే రేకులేనండి. రేకులకైతే ఇన్నేళ్ళు ఇక్కడెందుకండి నేను?" అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఆ పెద్దమనిషికి అలాంటి గొలుసులు పది కొనే స్తోమతు ఉంది. బంగారం మీద ఆశ కాదది. నేర్పించి తయారుచేసిన మనిషి ఇంకో ఇంటికి, అదీ ఒక అరబ్బు ఇంటికి, చెప్పి మరీ వెళ్ళిపోయిందన్న కక్ష. పనిమనిషికి పొగరు అణచాలి, అంతే. డబ్బు కోసం చేసే పాపం కంటే ఇది హీనమని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటాను.

దావా వేశాం. ఇక్కడ మీకు ఒక్క సూత్రం చెప్పాలి. షరియా నుంచి వచ్చి ఇక్కడి కోర్టుల్లో స్థిరపడ్డది. అడిగినవాడు రుజువు చూపాలి. రుజువు లేకపోతే, కాదన్నవాడి చేత ప్రమాణం చేయించమని అడగొచ్చు. వాడు ప్రమాణం చేస్తే కేసు అక్కడితో సరి. చేయనంటే వాడు ఓడినట్టే. లేదా ప్రమాణాన్ని అడిగినవాళ్ళ మీదికే తిప్పొచ్చు, అప్పుడు వాళ్ళు ఒట్టేస్తే వాళ్ళు గెలిచినట్టు. ఏ సాక్షీ లేని పేదవాళ్ళకు మిగిలే ఆఖరి దారి అది.

మా వకీలుగారు పెద్దాయన. ఒమానీలు తొడిగే తెల్లటి పొడుగు అంగీ, దిష్‌దాషా మీద ఎప్పుడూ అత్తరు వాసన. ఆయన ఆమెను కూర్చోబెట్టి, నా చేత ఒక్కొక్క మాటా చెప్పించాడు. "అతను ప్రమాణం చేస్తే ఇక తలుపు మూసుకున్నట్టే. రేపు నీ గొలుసు వాళ్ళింట్లో కనిపించినా ఈ కేసు మళ్ళీ తెరవలేం. బాగా ఆలోచించుకో."

ఆమె ఆలోచించుకోనేలేదు. "అడగండి బాబూ. సారు దేవుడి మీద ఒట్టేసి లేదనరండి. ఆయన పూజకి పూలు సర్దేది నేనే కదండీ. కార్తీకమాసంలో తలస్నానం చేయందే కాఫీ కూడా ముట్టుకోరండి."

"గమ్మునుండు తల్లీ" అన్నాను, ఉండబట్టలేక. "పూజలు చేసేటోళ్ళంతా నిజం చెప్పేటట్టయితే ఈ కోర్టులు ఎందుకు?"

"మా ఊళ్ళో కర్పూరం ఎలిగించి, చేత్తో ఆర్పి పెమాణం చేయమంటారండి. అబద్ధమాడేవోడికి చెయ్యి ముందుకి రాదండి. నేను చూసేను."

వకీలుగారు అదేమిటని అడిగాడు. చెప్పాను. ఆయన చాలా శ్రద్ధగా విన్నాడు. "చట్టంలో దానికి చోటుంది. ప్రమాణం చేసేవాడు కోరుకుంటే తన మతం పద్ధతిలో చేయొచ్చు. కోర్టులో నిప్పు వెలిగించనివ్వరు గానీ, తన దేవుణ్ణి తలుచుకుని చెప్పొచ్చు. కాకపోతే కోరాల్సింది అతనే, మనం కాదు" అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. "భయపడకు. దేవుడి పేరు ఎత్తాల్సిన గడియ వచ్చేసరికి ఒప్పుకుని పోయినవాళ్ళను నేను చాలామందిని చూశాను. మా చట్టం బలం అదే." ఆ నమ్మకం చూసి నాకు ముచ్చటేసింది. ఆ ముచ్చట మీద ఇప్పుడు మండిపోతుంది.

వాయిదా రోజు ఇంజనీరుగారు డ్యూటీ బట్టల్లో, మెడలో కంపెనీ కార్డుతో వచ్చాడు. నన్ను చూసి, "మీరా మేడమ్! బావున్నారా?" అని విందులో పలకరించినట్టే పలకరించాడు. భార్య కిందే కారులో కూర్చుంది. ఆమెను కోర్టులోకి తీసుకురాకపోవడంలోనే ఆయన తెలివి ఉందని నాకు తర్వాత తట్టింది.

జడ్జిగారు వయసులో చిన్నవాడే గానీ నిదానస్తుడు. అబద్ధపు ప్రమాణం చేస్తే ఈ లోకంలోనూ పై లోకంలోనూ ఏమవుతుందో ముందు చెప్పాడు. నేను తెలుగులో చెప్పాను. కొంచెం గట్టిగానే చెప్పాను.

"అర్థమైందండీ. కానివ్వండి, సైట్‌కి వెళ్ళాలి" అన్నాడు ఇంజనీరు.

జడ్జిగారు, కావాలంటే మీ మతం పద్ధతిలో ప్రమాణం చేయవచ్చన్నాడు. వెనక బెంచీ మీద గోదావరామె ముందుకు వంగింది. ఆమె ఒళ్ళో సంచీ ఉంది. అందులో ఏముందో నాకు అప్పుడు తెలీదు.

పెద్దమనిషి చేతులు కట్టుకుని, వినయంగా నవ్వి, ఇలా అన్నాడు: "అవసరం లేదండీ. ఈ దేశం ఉప్పు తింటున్నాం. ఈ దేశం పద్ధతిలోనే చేస్తాను. అది మా గౌరవం అని చెప్పండి మేడమ్."

చెప్పాను. నా డ్యూటీ కదా. అరబ్బీలో ఆ మాట ఇంకా అందంగా వినిపించింది. జడ్జిగారి ముఖం మెత్తబడింది. అల్లా నీకు మేలు చేయుగాక అన్నాడు. ఆ దీవెనను కూడా నేనే తెలుగు చేసి ఆయన చేతిలో పెట్టాను. నా ఉద్యోగం మీద నాకు అసహ్యం పుట్టిన క్షణం అదొక్కటే.

అక్కడి గుమాస్తా అరబ్బీలో ఒక్కొక్క ముక్కా చెప్పాడు. ఆయన ఒక్కొక్క ముక్కా తిరిగి చెప్పాడు. మహోన్నతుడైన అల్లా సాక్షిగా, ఈమె నాకు గానీ నా భార్యకు గానీ గొలుసు ఏదీ ఇవ్వలేదు, అది నా ఇంట్లో లేదు. తడబాటు లేదు. ఉచ్చారణ కూడా బాగుంది. సభల్లో మాట్లాడే కంఠం కదా!

కేసు కొట్టేశారు.

వరండాలోకి వచ్చాక ఆయన నా పక్కకు వచ్చి, గొంతు తగ్గించి, "ఏమనుకోకండి మేడమ్. మన దేవుడి మీద కాదుగా" అన్నాడు. అని, నాలిక్కరుచుకుని, "అదే, మా దేవుడి మీద" అని దిద్దుకున్నాడు. నేను ముస్లింనన్న సంగతి ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. అంతకుముందు నేను తెలుగుదాన్నన్న సంగతి గుర్తుండి, నాతో ఆ సంబరం పంచుకోవాలనిపించింది. ఏ సంగతి గుర్తున్నా సిగ్గు మాత్రం రాలేదు. చెంప పగలగొట్టి ఉండాల్సింది. అనువాదకులకు చేతులుండవు పిల్లలూ, నోరే ఉంటుంది. అదీ ఇంకొకరి మాట చెప్పడానికే.

కింద కార్లు ఆపే చోట మిట్టమధ్యాహ్నపు ఎండ. ఆయన కారు దగ్గరికి వెళ్తుంటే గోదావరామె వెనకాలే వెళ్ళి దారికి అడ్డంగా నిలబడింది. సంచీలోంచి స్టీలు బాక్సు తీసింది. దాని మూత తిప్పి పట్టుకుని, కర్పూరం బిళ్ళ పెట్టి, అగ్గిపుల్ల గీసింది. చున్నీ మడిచి మూత కింద పెట్టుకుంది, చెయ్యి కాలకుండా. ఆ ఎండకి మంట కనపడనేలేదు. నల్లటి పొగ, వాసన, అంతే.

"సార్, కోర్టులో మీ ఇట్టం వచ్చినట్టు చేసేరండి. నాకిది చాలు. నా గొలుసు మీకాడ లేదని ఇది ఆర్పెయ్యండి. మీ కాళ్ళకి దణ్ణం పెట్టుకుని ఎళ్ళిపోతాను."

"ఏంటీ డ్రామాలు? పోలీసుల్ని పిలవమంటావా?"

"పిలవండి సార్. ముందు ఆర్పండి."

వకీలుగారు నా పక్కన ఆగిపోయాడు. ఏం జరుగుతోందని అడగలేదు. ఆయనకు ఈ ఒక్కదానికీ తర్జుమా అక్కర్లేకపోయింది. ఆ పెద్దమనిషి ముఖాన చెమట. అటూ ఇటూ చూశాడు. చెయ్యి కొంచెం లేచింది, ఆగింది.

అప్పుడు కారు తలుపు తెరుచుకుంది. భార్య చెప్పులు కూడా లేకుండా ఆ కాలే తారు మీద పరిగెత్తుకొచ్చింది.

"ఆర్పొద్దండీ! మీకు దణ్ణం పెడతాను, ఆర్పొద్దు!"

ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. అందరం చూశాం. ఆయన ఆమెను కారులోకి తోసి, తలుపేసి, వెళ్ళిపోయాడు. కర్పూరం మూతలోనే మొత్తం కాలిపోయింది.

"చూసేరా అండి?" అంది గోదావరామె, మూత తుడుచుకుంటూ. "చెయ్యి రాలేదు."

వకీలుగారితో నేను ఆఫీసులో దెబ్బలాడాను. అన్నేళ్ళలో ఆయన ముందు గొంతెత్తింది అదే మొదలు. "భార్య నోటితోనే ఒప్పుకుంది కదా! మళ్ళీ వేద్దాం" అన్నాను. కుదరదన్నాడు. "మరి ఏం చట్టం సాబ్ ఇది? దేవుడంటే భయమున్నవాడికి ఈ చట్టం అవసరమే లేదు. భయం లేనివాడికి తాళం చెవి ఇచ్చినట్టుంది" అన్నాను.

ఆయన, "మీ దేశంలో ఏం చేస్తారు?" అన్నాడు.

"సాక్షులు, రుజువులు."

"సాక్షి అబద్ధం చెప్పడా?"

కడప కోర్టు బయట టీ తాగి సాక్ష్యం చెప్పేవాళ్ళు నాకు తెలియకపోలేదు.

"ప్రతి చట్టం మనిషి లోపల ఏదో ఒకటి ఉంటుందని నమ్మి దాని మీద నిలబడుతుంది. మాది దేవుడి భయం మీద నిలబడింది. అతని లోపల ఏమీ లేదు. దానికి నేనేం చేసేది?" అన్నాడు. జవాబు బాగానే ఉంది. దాంతో స్లాబు పడదు కదా! ఆ మాట కూడా అనేశాను. మా చట్టం దేవుడి చట్టం, అక్కడ అబద్ధం నడవదని గొప్పలు చెప్పుకునే మా చుట్టాల మీది కోపం కూడా ఆ రోజు పాపం ఆయన మీదే పోయింది.

కొన్నాళ్ళకు ఇంజనీరుగారి భార్య ఒక్కతే టాక్సీలో మా ఆఫీసుకొచ్చింది. జేబురుమాలు విప్పి నా బల్ల మీద పెట్టింది. గొలుసు. కొక్కెం దగ్గర ఎర్రదారం.

"ఆమెకు ఇచ్చేయండి. మావారికి తెలీదు" అంది.

"మంచిపని చేసినారు. కర్పూరం భయపెట్టిందన్న మాట" అన్నాను. పుల్లవిరుపుగానే అన్నాను. కూర్చోమని కూడా అనలేదు. బీరువా ఆమెదే, ఆ రోజు లోపలికి వెళ్ళిపోయిందీ ఆమే కదా.

ఆమె తల ఎత్తి చూసింది. "ఆయనకి భయమేసి చెయ్యి ఆగిందనుకుంటున్నారా మీరు? పక్కన మీ లాయర్‌గారు చూస్తున్నారని ఆగారు. ఇంకొక్క నిమిషం ఉంటే ఆర్పేసేవారండీ. నాకు తెలుసు. పెళ్ళయిన దగ్గర్నుంచి చూస్తున్నాను. ఆర్పేస్తారనే నేను పరిగెత్తుకొచ్చింది. ఇద్దరు పిల్లలు నాకు."

నేను లేచి కుర్చీ జరిపాను.

గోదావరామె గొలుసు తీసుకుని ఊరెళ్ళింది. స్లాబు పడిన రోజు ఫోన్ చేసింది. వెనకాల కాంక్రీటు మిషను చప్పుడు. "సారు చెయ్యి రాలేదు చూసేరా మేడం, దేవుడున్నాడండి" అని మళ్ళీ అంది. ఆమె కళ్ళారా చూశాననుకున్నదాన్ని నేను దిద్దలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే నా వృత్తి గానీ, ఆ ఒక్క మాటను నా దగ్గరే ఉంచుకున్నాను.

ఆ మరుసటి ఉగాదికి మన తెలుగువాళ్ళంతా ఒక హాల్లో చేరారు. నేను ప్రతి ఏడూ వెళ్తాను, పచ్చడి కోసం. వెనక వంటగదిలో ఇంజనీరుగారి భార్య గ్లాసుల్లో పచ్చడి పోస్తోంది. నన్ను పక్కకు పిలిచింది.

"ఆయనకి చెప్పేశానండీ. బీరువా తీసి చూసుకున్నారు."

"ఏమన్నాడు?"

"'కోర్టే మనదని తేల్చాక ఎందుకిచ్చావే?' అన్నారు."

ఆ మాట విన్నాక పచ్చడిలో చేదు తప్ప నాకేమీ తగల్లేదు. తప్పు చేశానన్న జ్ఞానం ఉండి చేసేవాణ్ణి ఏదో ఒక రోజు పట్టుకోవచ్చు. ఈయన తన అబద్ధానికి కోర్టు ముద్ర పడగానే అది నిజమైపోయిందనుకున్నాడు. అల్లా పేరు చెప్పి గెలిచినా, రేపు మన కోర్టులో ఇంకేదో చెప్పి గెలిచినా, ఈయన తీరు ఇంతే.

బయట మైకులో అదే కంఠం మోగుతోంది. "ఇక్కడ ఎక్కువ మాట్లాడకూడదు గానీ, మతం చట్టంలోకి వచ్చిన చోట సామాన్యుడికి న్యాయం ఉండదు మిత్రులారా! మన రాజ్యాంగం గొప్పతనం అదీ!" చప్పట్లు కొట్టారు. మన రాజ్యాంగం గొప్పదే, నాకూ అనుమానం లేదు. దాన్ని ఆ నోట వినాల్సి రావడమే నా కడుపు మంట.

చివర హారతి. పళ్ళెం పట్టుకుని వరసలో అందరి దగ్గరికీ తిప్పింది ఆయన భార్యే. ఒక్కొక్కరూ మంట మీద చెయ్యి పెట్టి కళ్ళకద్దుకుంటున్నారు. మొదటి వరసలో ఆయన లేచి నిలబడి, కళ్ళు సగం మూసి, భక్తిగా చెయ్యి చాచాడు.

ఆమె ఆగలేదు. పళ్ళెం ఆయన ముందు నుంచి పక్కావిడ దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడి నుంచి తర్వాతి వరసకు వచ్చింది. చాచిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆయన అలాగే నిలబడిపోయాడు. జనం చూశారు.

నేను వంటగదిలోకి వెళ్ళి ఇంకో గ్లాసు పచ్చడి పోసుకున్నాను.